బజ్జీల మూకుడు నుంచి బండి ట్యాంకు దాకా

“తాతయ్యా, డీజిల్ బండిలో వంటనూనె పోస్తే నడుస్తుందా?” అని అడిగాడు మా చిన్న మనవడు. వాళ్ళమ్మ వంటింట్లోంచే, “పోసి చూడు, అప్పుడు చెప్తా నీ సంగతి” అంది.

మంచి ప్రశ్నేరా. నూట పాతికేళ్ళ కిందట పారిస్‌లో పెద్దపెద్దవాళ్ళు అడిగిన ప్రశ్న ఇది. అక్కని కూడా పిలు, ఇద్దరూ కూర్చోండి.

ముందు జవాబు చెప్పేస్తాను: నడుస్తుంది. ఎన్నాళ్ళు నడుస్తుందన్న దగ్గరే పేచీ.

1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన పెట్టారు. అందులో ఓట్టో కంపెనీవాళ్ళు ఓ చిన్న డీజిల్ ఇంజను నడిపి చూపించారు. అందులో పోసింది వేరుశనగ నూనె! అలా చేయమని అడిగింది ఫ్రెంచి ప్రభుత్వం. వాళ్ళ ఏలుబడిలో ఉన్న ఆఫ్రికా దేశాల్లో వేరుశనగ దండిగా పండేది. బొగ్గూ చమురూ ఓడలకెత్తి అంతదూరం మోసుకుపోయే బదులు, అక్కడ పండిన గింజలతోనే అక్కడి ఇంజన్లు నడిస్తే పోలా అని వాళ్ళ లెక్క. వలస దొరల లెక్కలన్నీ అంతే, ఎక్కడి సొమ్ముతో అక్కడే పని జరిగిపోవాలి. ఆ ఇంజను తయారైంది మామూలు ఖనిజ తైలం కోసమే. ఏ మార్పూ చేయకుండానే వేరుశనగ నూనెతో గడగడా నడిచింది. లోపల ఉన్నది పల్లీల నూనె అని చూసినవాళ్ళలో బహుకొద్దిమందికే తెలిసిందని, ఆ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ తర్వాత రాశాడు.

ఇక్కడో చిన్న మాట. ఏటా ఆగస్టు 10న ప్రపంచ జీవ ఇంధన దినం అని జరుపుతారు. మన పెట్రోలియం శాఖ కూడా 2015 నుంచి జరుపుతోంది. 1893లో ఆ రోజున డీజిల్ మహాశయుడు వేరుశనగ నూనెతో ఇంజను నడిపాడని పేపర్లవాళ్ళు రాసేస్తుంటారు. ఆ రోజున ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజనులో మొదటిసారి మంట రాజుకున్న మాట నిజం. పోసింది మాత్రం పెట్రోలు. పల్లీల నూనె సంగతి మరో ఏడేళ్ళ తర్వాతిది. రెండు కథలూ కలిసిపోయి ఒకటైపోయాయి. మీ స్కూల్లో ఎవరైనా ఉపన్యాసం ఇస్తే మధ్యలో లేచి దిద్దకండి, ఇంటికొచ్చి నాతో చెప్పండి చాలు.

ఆ డీజిల్ కథ విషాదంగా ముగిసింది పాపం. 1913 సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్ళే ఓడ ఎక్కాడు, తెల్లారేసరికి గదిలో లేడు. సముద్రంలో పడ్డాడా, దూకాడా, ఎవరైనా తోశారా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆయన పోయాక ఇంజను బతికింది, వేరుశనగ నూనె సంగతి అటకెక్కింది. భూమిలోంచి తవ్వితీసిన చమురు చవగ్గా దొరుకుతుంటే పల్లీలు ఎవడు పిండుతాడు?

సరే, అసలు డీజిల్ ఇంజను నూనెతో ఎందుకు నడుస్తుందో చూడండి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ వేయడానికి స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది ఉండదు. పిస్టను లోపలి గాలిని పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో అదిమేస్తుంది. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున పట్టుకుని చూశారా, వేడెక్కి ఉంటుంది. ఇక్కడ జరిగేదీ అదే పని. ఇంజనులో ఆ వేడి అయిదారు వందల డిగ్రీలకు పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో సన్నటి రంధ్రాల్లోంచి ఇంధనాన్ని తుంపరగా కొడతారు. తగిలీ తగలడంతోనే అంటుకుంటుంది. అంటే ఈ ఇంజనుకి కావలసినవి రెండే. ఇంధనం ఆ వేడికి తనంతట తాను మండాలి, మంచు తుంపరంత మెత్తగా చెదరాలి. వంటనూనె మొదటి పరీక్షలో సులువుగా గట్టెక్కుతుంది. తన్నేది రెండో దాంట్లోనే.

ఎందుకంటే జిగట. డీజిల్ జిగటని కొలిస్తే 40 డిగ్రీల వేడి దగ్గర రెండు నుంచి నాలుగున్నర సెంటీస్టోకులు ఉంటుంది. ఆ కొలత పేరు మరిచిపోయినా ఫర్వాలేదు, అంకెలు గుర్తుంచుకోండి. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె ముప్ఫైకీ నలభైకీ మధ్య ఉంటాయి. డీజిల్ కంటే పదింతలు చిక్కన. మన ఆముదమైతే రెండువందలు దాటేస్తుంది! నాజిల్ రంధ్రం చూస్తే మిల్లీమీటరులో పదో వంతో, అయిదో వంతో. అందులోంచి చిక్కటి నూనె తుంపరగా రాదు, లావు చుక్కలుగా పడుతుంది. లావు చుక్క పైపైన కాలి లోపల పచ్చిగా మిగులుతుంది. ఆ మిగిలింది నాజిల్ మూతి దగ్గర మాడి గట్టిపడుతుంది, పిస్టను రింగుల్లో బంకగా పేరుకుంటుంది, అడుగుకి జారి ఇంజను ఆయిల్‌ని చిక్కబరుస్తుంది. అంచేత ఒక రోజు నడుస్తుంది, ఓ నెలా నడవొచ్చు. ఆ తర్వాత మెకానిక్కు చేతిలో పడుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఇంజనుని నూనెకి తగ్గట్టు మార్చడం ఒకటి. నూనెనే ఇంజనుకి తగ్గట్టు మార్చడం రెండోది. లోకం రెండో దారి పట్టింది. అలా మార్చిన నూనెకే బయోడీజిల్ అని పేరు.

ఆ మార్పు ఏమిటంటే, నూనె అణువు పెద్దది. ఓ గ్లిజరిన్ ముక్కకి మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాల గొలుసులు తగులుకుని ఉంటాయి. మూడు కొబ్బరీనెల్ని ఒక కొసన ముడేసి కట్టావనుకో, అదీ నూనె అణువు. అలాంటి కట్టలు వేలకొద్దీ ఒకచోట పోస్తే ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని కదలనంటాయి. ఆ కదలకపోవడమే జిగట. ఇప్పుడు ముడి విప్పి ఈనెల్ని విడివిడిగా పోయండి, జారిపోతాయి. బయోడీజిల్ అంటే ముడి విప్పిన నూనె. మెథనాల్ అనే చిన్న ఆల్కహాలు వచ్చి ఒక్కో గొలుసు కొసని పట్టుకుంటుంది, గ్లిజరిన్ పక్కకి తప్పుకుంటుంది. అణువు బరువు మూడో వంతుకు పడిపోతుంది. జిగట ముప్ఫై అయిదు నుంచి నాలుగో, అయిదో అవుతుంది. నాజిల్‌కి పేచీ లేదు.

ఇంతకీ ఈ రసాయన చర్య ఏనాటిదనుకున్నారు? 1850ల మొదట్లోనే తెలుసు. అప్పటికి డీజిల్ అనే మనిషే పుట్టలేదు! ఇంజను కోసం దాన్ని వాడొచ్చన్న ఆలోచన రావడానికి మళ్ళీ ఎనభై ఏళ్ళు పట్టింది. 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన శవాన్ అనే ఆయన పామాయిల్‌తో అలా చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు బ్రస్సెల్స్‌కీ, పక్కనున్న లువెన్ ఊరికీ మధ్య ఆ ఇంధనంతో ప్రయాణికుల బస్సు నడిపారు. ఆ పామాయిల్ కూడా కాంగో వలస నుంచి వచ్చిన ఆలోచనే. మళ్ళీ దొరల లెక్కే చూడండి.

చేసే పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. వంద కిలోల నూనెని అరవై డిగ్రీలకి వెచ్చబెడతారు. కిలో దాకా కాస్టిక్ సోడాని గానీ, కాస్టిక్ పొటాష్‌ని గానీ మెథనాల్‌లో కరిగించి అందులో కలుపుతారు. చర్యకి ఖర్చయ్యే మెథనాల్ పదకొండు కిలోలే అయినా దానికి రెట్టింపు పోస్తారు, మిగిలింది తర్వాత ఆవిరి పట్టి వెనక్కి తీసుకుంటారు. గంటసేపు కలిపి వదిలేస్తే పైన లేతరంగు ద్రవం, అడుగున గోధుమరంగు గ్లిజరిన్ తేటతెల్లంగా విడిపోతాయి. పైదే బయోడీజిల్. నీళ్ళతో కడిగి, తడి ఆరబెట్టి వాడుకోవచ్చు. వంద కిలోలకి దాదాపు వంద కిలోలూ వస్తాయి. అడుగున దిగిన పది కిలోల గ్లిజరిన్‌ని శుద్ధి చేస్తే సబ్బులకీ మందులకీ పోతుంది.

సబ్బు అంటే గుర్తొచ్చింది. నూనె, కాస్టిక్ సోడా, నీళ్ళు కలిపితే సబ్బవుతుందని మీ పుస్తకంలో చదివారు కదా. ఇక్కడా నూనె ఉంది, కాస్టిక్ సోడా ఉంది. తేడా అల్లా నీళ్ళ దగ్గరే. నూనెలో తడి ఉంటే బయోడీజిల్ బదులు సబ్బు తయారై పీపా అంతా నురగలు కడుతుంది. బజ్జీలు వేయించిన నూనెలో ఈ తడితోపాటు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మాటిమాటికీ కాగడం వల్ల కొన్ని గొలుసులు ముందే ఊడిపోయి ఆమ్లాలుగా తిరుగుతుంటాయి. వాటికి సోడా తగిలిందంటే సబ్బే. అందుకని అలాంటి నూనెకి ముందు గంధకామ్లం, మెథనాల్ కలిపి ఆ ఆమ్లాలని లొంగదీసుకుంటారు. ఆ తర్వాతే సోడా పని.

ఒరేయ్, అలా కళ్ళింతలు చేసుకుని చూడకు. నీ బుర్రలో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. ఇది వంటింట్లో చేసే పని కాదు. మెథనాల్ అంటే కల్తీసారా తాగి జనం చచ్చిపోయారని పేపర్లో వచ్చినప్పుడల్లా వినపడే విషం. రెండు చెంచాలు లోపలికి పోతే చాలు, కళ్ళు పోతాయి. ఆవిరి పీల్చినా ప్రమాదమే, దాని మంట పగటి వెలుగులో సరిగా కనపడను కూడా కనపడదు. కాస్టిక్ సోడా చర్మాన్ని తినేస్తుంది. మాస్టారు దగ్గరుండి, లేబొరేటరీలో, కళ్ళద్దాలూ తొడుగులూ పెట్టుకుని చేస్తే సరే. లేకపోతే నేనే మీ అమ్మకి చెప్తాను.

మా మనవరాలు తొమ్మిదో తరగతి, ఊరికే ఒప్పుకునే రకం కాదు. “ఇంత కష్టపడి మారిస్తే డీజిల్ కంటే ఏం మేలు తాతయ్యా?” అంది.

మేలు ఉందమ్మా. మూడు నాలుగు రకాలుగా ఉంది. డీజిల్లో ప్రాణవాయువు ఉండదు, మండటానికి కావలసింది అంతా గాలిలోంచే దొరకాలి. చుక్క మధ్యలోకి గాలి చేరనిచోట కాలని కర్బనం మిగులుతుంది. లారీ వెనక మనం మింగే నల్లటి పొగ అదే. బయోడీజిల్ అణువులోనే బరువులో పదకొండు శాతం దాకా ప్రాణవాయువు ఉంటుంది. గాలి చేరనిచోట కూడా కొంత సరుకు చేతిలో ఉన్నట్టే. అందుకే మసి తక్కువ. గంధకం దాదాపు లేదు. అమెరికా పర్యావరణ సంస్థ 2002లో అప్పటిదాకా జరిగిన పరీక్షల ఫలితాలన్నీ ఒకచోట చేర్చి చూసింది. పూర్తి బయోడీజిల్ వాడితే మసి రేణువులు 47 శాతం, కార్బన్ మోనాక్సైడు 48 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 67 శాతం తగ్గాయి. అయిదో వంతు బయోడీజిల్, మిగతా డీజిల్ కలిపితే మసి 10 శాతం తగ్గింది.

పెరిగింది కూడా ఒకటుంది, దాచకూడదు. నత్రజని ఆక్సైడులు. పూర్తి బయోడీజిల్‌తో అవి 10 శాతం పెరిగాయి, అయిదో వంతు కలిపితే 2 శాతం. ఎండకి ఓజోను పుట్టించి ఊపిరితిత్తులని సతాయించేవి ఇవే. ఇంకో సంగతి. ఆ పరీక్షలన్నీ పాత ఇంజన్ల మీద జరిగినవి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చే బీఎస్-6 బండ్లకి పొగగొట్టంలోనే మసిని పట్టే వడపోత ఉంటుంది. వాటిలో ఏ ఇంధనం పోసినా బయటికొచ్చే మసి కొంచెమే. కాబట్టి ఈ మేలు ఎక్కువగా కనపడేది పాత ట్రాక్టర్లు, పొలాల్లో ఆయిల్ ఇంజన్లు, పెళ్ళిళ్ళలో గుడగుడలాడే జనరేటర్లు, పదిహేనేళ్ళ లారీలు, ఇలాంటి వాటిలోనే. అవేమీ మన దగ్గర తక్కువ లేవులే.

గంధకం సంగతి అన్నాను కదా, అందులో తమాషా ఉంది. పర్యావరణం కోసం డీజిల్లోంచి గంధకం తీసేశారు. తీసే పనిలో ఆ ఇంధనానికి ఉన్న నున్నదనం కూడా పోయింది. పంపులోని ఇనుప భాగాలు ఒరుసుకుని అరగడం మొదలెట్టాయి. ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిపితే ఆ నున్నదనం తిరిగొచ్చేస్తుంది. ఎంత కొంచెం కలిపినా దక్కే మేలు ఇదొక్కటే.

మరో మేలు భద్రత. పక్కన నిప్పు పెడితే డీజిల్ ఆవిరి యాభై అరవై డిగ్రీలకే భగ్గుమనొచ్చు. బయోడీజిల్‌కి నూరు దాటాలి. నేల మీద ఒలికినా నెలరోజుల్లో సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయి.

ఆ సూక్ష్మజీవులే ట్యాంకులోనూ తింటాయి, అదీ చిక్కు. బయోడీజిల్ నీళ్ళని పీల్చుకుంటుంది. గాలి తగిలి ముదురుతుంది, నెలల తరబడి ఉంచితే బంక కడుతుంది. రబ్బరు గొట్టాలు కొన్ని రకాలైతే ఉబ్బి పగులుతాయి. చలికి గడ్డకడుతుంది. పామాయిల్‌తో చేసిందైతే పదిహేను డిగ్రీల దగ్గరే మసకబారుతుంది. మన కాకినాడలో చెల్లుతుంది గానీ డిసెంబరులో ఢిల్లీలో చెల్లదు. లీటరుకి వచ్చే శక్తి కూడా డీజిల్ కంటే ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ, అంటే మైలేజీ ఆ మేరకు తగ్గుతుంది. కొత్త బండ్లలో మసి వడపోతని శుభ్రం చేయడానికి అప్పుడప్పుడు ఇంధనాన్ని కొంచెం ఎక్కువ కొడుతుంటారు. బయోడీజిల్ త్వరగా ఆవిరవ్వదు కాబట్టి అందులో కొంత జారి ఇంజను ఆయిల్‌లో చేరుతుంది. అందుకే మన డీజిల్ ప్రమాణాలూ, యూరప్‌వీ కూడా 7 శాతం దగ్గర గీత గీశాయి.

దీని మీద పడే ఇంకో నింద ఉంది, అది మాత్రం అన్యాయం. పాత బండిలో మొదటిసారి బయోడీజిల్ పోసిన వారానికే ఫిల్టరు మూసుకుపోతుంది. “చూశారా, చెత్త ఆయిల్” అంటారు. నిజానికి అది మంచి ద్రావణి. ఏళ్ళ తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న డీజిల్ మడ్డిని కడిగి తెచ్చి ఫిల్టరులో పోస్తుంది. ఫిల్టరు ఒకటి రెండుసార్లు మారిస్తే సరిపోతుంది. కాకపోతే ఈమధ్య ఏవేవో పారిశ్రామిక నూనెలు కలిపి బయోడీజిల్ అని అమ్మే మోసగాళ్ళు కూడా బయల్దేరారు. వాళ్ళ సరుకు పోస్తే పోయేది ఫిల్టరు ఒక్కటే కాదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇంజను కబుర్లు. నన్నడిగితే ఇందులో తేలిక భాగం అదే. ఈ నూనె ఎక్కడినుంచి వస్తుందన్నది కష్టమైన భాగం. ఇది మంచి ఇంధనమా, కాదా అన్నది అక్కడే తేలుతుంది.

లెక్క వేద్దాం. మన దేశం ఏడాదికి తాగే డీజిల్ దాదాపు 9 కోట్ల టన్నులు. మనమంతా కలిసి తినే వంటనూనె రెండున్నర కోట్ల టన్నులు. ఇంట్లో పోపు మానేసి, పూరీలు మానేసి, ఆవకాయలో కూడా నూనె పోయకుండా దేశంలో ఉన్న వంటనూనెనంతా బండ్లకే పోశామనుకోండి, మూడు నెలలకి పైన కొన్ని రోజులు నడుస్తాయి. పైగా ఆ రెండున్నర కోట్లలో సగానికి పైగా బయటి దేశాలనుంచి కొనుక్కొస్తున్నాం. కొన్న పామాయిల్‌ని, కొన్న చమురుకి బదులుగా కాల్చడం ఏం తెలివి?

అందుకే మన ప్రభుత్వం మొదటినుంచీ తినడానికి పనికిరాని నూనెల వైపే చూసింది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం, అదే జట్రోఫా, మీద పెద్ద ఆశ పెట్టుకుని నివేదిక ఇచ్చింది. కోటి హెక్టార్లకు పైగా బంజరు భూముల్లో నాటితే డీజిల్లో అయిదో వంతు దానితోనే సరిపెట్టొచ్చన్నారు. అంతకు ముందే, 2002 డిసెంబరు 31న, ఢిల్లీ నుంచి అమృత్‌సర్ వెళ్ళే శతాబ్ది రైలుని 5 శాతం బయోడీజిల్ కలిపి నడిపి చూశారు కూడా. అప్పట్లో ఎక్కడ విన్నా జట్రోఫా జపమే. మేకలు ముట్టవట, నీళ్ళక్కర్లేదట, రాళ్ళలో పెరుగుతుందట!

అన్నీ నిజాలే. రాళ్ళలో పెరుగుతుంది. కాయమని ఎవరన్నారు? నీళ్ళూ ఎరువూ లేని చోట మొక్క బతికింది గానీ, చాలా చోట్ల హెక్టారుకి టన్ను గింజలు రావడమే గగనమైంది. వరి, గోధుమ లాంటివి వేల ఏళ్ళు మనిషి చేతిలో ఏరి ఏరి విత్తుకుంటే పంటలయ్యాయి. ఇది నిన్నటిదాకా కంచె మొక్క. ఒకే గుత్తిలో పచ్చికాయ, పండుకాయ, ఎండుకాయ అన్నీ ఒకేసారి ఉంటాయి, చేత్తో ఏరుకోవాలి. కూలి గిట్టదు. గింజలు విషం కాబట్టి చెక్క పశువులకి పెట్టడానికీ లేదు. నమ్మి నాటిన రైతులు నష్టపోయారు. బంజరు అని కాగితం మీద రాసిన నేల నిజానికి ఎవరో పశువులు మేపుకునే నేల అన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది.

కానుగ కథ వేరు. నాకు ఆ చెట్టంటే పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. పుల్ల పళ్ళకి, ఆకు పచ్చిరొట్టగా మడికి, చెక్క చేనుకి, నీడ దారినపోయేవాడికి. చిక్కుడు జాతిది కాబట్టి వేళ్ళ బుడిపెల్లో నత్రజనిని పట్టి నేలకిస్తుంది. గింజలో మూడో వంతు దాకా నూనె ఉంటుంది, చేదు కాబట్టి వంటింటితో పోటీ పడదు. పూర్వం ఆ నూనెతోనే దీపాలు వెలిగించేవారు. ఆదిలాబాద్ అడవుల్లో ఓ గూడెంలో ఆ నూనెని ఏ మార్పూ చేయకుండా నేరుగా జనరేటరులో పోసి కరెంటు దీపాలు వెలిగించారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకి చెందిన ఉడుపి శ్రీనివాస గారు దాని వెనక ఉన్నారు. నిలకడగా ఒకే వేగంతో తిరిగే మోటు ఇంజను కాబట్టి చిక్కటి నూనెని ఓర్చుకుంది.

అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోనే పవర్‌గూడ అనే గోండుల ఊరుంది. అక్కడి మహిళా సంఘం వాళ్ళు కానుగలు నాటారు, నూనె తీసే యంత్రం పెట్టుకున్నారు. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ సమావేశం ఒకటి జరిగితే, దానికి విమానాల్లో వచ్చినవాళ్ళవల్ల గాల్లో కలిసిన బొగ్గుపులుసు వాయువుకి పరిహారంగా ప్రపంచ బ్యాంకు ఈ మహిళలకి 645 డాలర్లు చెల్లించింది. డీజిల్‌కి బదులు కానుగ నూనె వాడితే పదేళ్ళలో 147 టన్నుల వాయువు తగ్గుతుందన్న లెక్క మీద ఇచ్చిన డబ్బది. డబ్బు కొంచెమే గానీ, ఆ లెక్కలో ఉన్న సూత్రం చూడండి. డీజిల్ కాల్చితే కోట్ల ఏళ్ళ కిందట భూమిలో పూడిపోయిన కర్బనం గాల్లోకి వస్తుంది. కానుగ నూనె కాల్చితే వచ్చేది నిరుడు ఆ చెట్టు గాల్లోంచి పీల్చుకున్నదే, మళ్ళీ ఏడాది అదే చెట్టు తిరిగి పీల్చుకుంటుంది. పూర్తిగా చెల్లుకి చెల్లు కాదు, బయోడీజిల్‌గా మార్చడానికి వాడే మెథనాల్‌ని సాధారణంగా సహజవాయువుతో చేస్తారు, మోతకీ మరకీ ఖర్చు ఉంటుంది. అయినా తేడా తేడానే.

“మరైతే దేశమంతా కానుగలే నాటొచ్చుగా?” అన్నాడు చిన్నోడు. నాటొచ్చు, గట్ల మీదా రోడ్ల పక్కనా. కాపుకి రావడానికే అయిదారేళ్ళు పడుతుంది. గింజ ఏరే మనిషికి కూలి గిట్టాలి. అదేం చిన్న విషయం కాదు. కాకినాడ రేవు దగ్గర ఏటా లక్షన్నర టన్నుల బయోడీజిల్ చేయగల కర్మాగారం 2008లోనే లేచింది. అంత ఆకలిని కానుగ తీర్చలేదు, పామాయిల్లో గడ్డకట్టే భాగాన్నీ, జంతువుల కొవ్వునీ వాడుకుంది.

పామాయిల్ దగ్గర కర్బనం లెక్క పూర్తిగా తిరగబడే ప్రమాదం ఉంది. ఇండోనేషియా 2023 నుంచి డీజిల్లో 35 శాతం, 2025 నుంచి 40 శాతం పామాయిల్ బయోడీజిల్ కలుపుతోంది. వాళ్ళకి ఆ నూనె ఇంటి పంట. కానీ తోట కోసం అడవి నరికి, కింద పీట్ అనే ఊబి నేల నీళ్ళు తోడేశారంటే, ఆ నేలలో వేల ఏళ్ళుగా నిలవున్న కర్బనం దశాబ్దాల తరబడి బయటికొస్తూనే ఉంటుంది. అప్పుడు ఆ బయోడీజిల్ మామూలు డీజిల్ కంటే చెడ్డదవుతుంది. పొగగొట్టం దగ్గర కొలిస్తే శుభ్రంగానే కనపడుతుంది మరి! అందుకే యూరప్‌వాళ్ళు 2030 నాటికి అలాంటి పామాయిల్ ఇంధనాన్ని లెక్కలోంచి తీసేయాలని నిర్ణయించుకున్నారు.

ఇక మిగిలింది మూకుడులో నూనె. నా ఓటు దీనికే. ఒకే నూనెలో పదేపదే వేయిస్తే అది విరిగి, ముదిరి, ధ్రువ సమ్మేళనాలు అనే పాడు పదార్థాలు పెరుగుతాయి. 2018 జులై 1 నుంచి మన దేశంలో అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని నియమం. ఆ తర్వాతి నెలలోనే ఆహార భద్రతా సంస్థ వాడేసిన నూనెని బయోడీజిల్‌కి పంపే పథకం మొదలెట్టింది. రోజుకి యాభై లీటర్లు మించి నూనె వాడేవాళ్ళు ఆ నూనె ఎటు పోయిందో లెక్క రాయాలన్నారు. దేశం మొత్తం మీద ఏడాదికి 220 కోట్ల లీటర్లు పోగవ్వొచ్చని వాళ్ళ అంచనా. అంటే సుమారు 20 లక్షల టన్నులు. మన 9 కోట్ల టన్నుల డీజిల్లో అది రెండు శాతం. 2030కి 5 శాతం కలపాలని 2018 విధానంలో రాసుకున్నాం. ఇప్పటికి ఒక శాతం మెట్టు ఎక్కడానికే అవస్థ.

రెండు శాతమేనా అని మూతి ముడవకండి. ఆ నూనె బయోడీజిల్‌కి పోకపోతే ఎటు పోతుందో ఆలోచించండి. పెద్ద హోటలు మూకుడులోంచి చవగ్గా చిన్న బండివాడి మూకుడులోకి, అక్కడినుంచి మన కడుపులోకి. లేదంటే కాలువలోకి. ఇంధనం రావడం అటుంచి, ఆ నల్లనూనె జనం నోట్లోంచి తప్పుకోవడమే నాకు పెద్ద లాభంగా కనపడుతుంది. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊళ్ళో హోటళ్ళ నూనె పోగుచేసి సిటీ బస్సులు నడిపారు. పొగ కొంచెం వేపుడు వాసన వస్తుందట!

కాకపోతే ఈ నూనెకి ఇప్పుడు ఇంకో బేరగాడు తయారయ్యాడు, విమానం. అదే నూనెకి మెథనాల్ బదులు హైడ్రోజన్ పట్టించి, ప్రాణవాయువు మొత్తం లాగేసి, అచ్చంగా కిరసనాయిలు జాతి ఇంధనం చేస్తారు. ఆకాశంలో చలికి గడ్డకట్టదు. 2027లో అంతర్జాతీయ విమానాల ఇంధనంలో ఒక శాతం, 2028లో రెండు శాతం ఇలాంటిది కలపాలని మన ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. వాడిన వంటనూనెతో విమాన ఇంధనం చేయడానికి పానిపట్టు రిఫైనరీకి 2025లో అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది. లారీకైతే రేపు కరెంటు వస్తుంది, రైలుకి ఇప్పటికే వచ్చేసింది. పెద్ద విమానానికి బ్యాటరీ పెట్టి సముద్రం దాటించడం ఇంకా చేతగాలేదు. కాబట్టి విమానంవాడు ఎక్కువ ధర పెట్టి ఎగరేసుకుపోతే తప్పు పట్టలేం.

“మరి మన మూకుడులో నూనె ఎవరికిద్దాం తాతయ్యా?” అంది మనవరాలు.

మనింట్లో మిగిలేది గ్లాసుడు. దానికోసం ఏ బండీ గుమ్మం దాకా రాదు. చల్లార్చి సీసాలో పోసి పెట్టు, సింకులో మాత్రం పోయకు. నూనె ఉన్నది వీధి చివర స్వీట్ల కొట్లో, కల్యాణ మండపం వంటశాలలో, మీ స్కూలు క్యాంటీన్లో. డబ్బాలకి డబ్బాలు. రేపు క్యాంటీన్ ఆయన్ని మర్యాదగా అడిగి రండి, “బాబాయ్ గారూ, వాడేసిన నూనె మీరు ఎవరికి అమ్ముతారు?” అని. జవాబు రాసుకుని తీసుకురండి.